తోకబరువు

“లాచ్ మూసే ఉంది. పిన్ను పెట్టే ఉంది. మరి ట్రైలర్ ఎలా ఊడింది?”

పోలీసు స్టేషన్ మెట్లెక్కుతూ నిదానం ఈ ప్రశ్నను పైకే అనేశాడు. వెనకాల వస్తున్న రసాలక్క అది తననే అడిగాడనుకుంది.

“నాకేం తెలుసన్నయ్యగారూ! తెలిస్తే మీ గుమ్మం ఎందుకు తొక్కుతాను?”

నిదానం అనేది ఆయన పేరు కాదు. తలుపు తీయమంటే ముందు ఆ గొళ్ళెం ఎలా పనిచేస్తుందో చూసే మనిషని, పెళ్ళయిన కొత్తలో భార్య పెట్టిన పేరు. తర్వాత ఊరంతా అదే పట్టుకుంది. డిటెక్టివ్ పనికి దిగాక బోర్డు మీద కూడా అదే రాయించుకున్నాడు. దేవుడికి దండం పెట్టుకోకుండా ఏ వస్తువునీ ముట్టుకోడు. ఆ దండానికి మంత్రం కూడా చిన్నదే: “స్వామీ, కళ్ళు నావి, చూపు నీది.”

రసాలక్కది పళ్ళ రసాలతో పాకం కాచే చిన్న కర్మాగారం. ప్రతివారం ఆ పాకం డ్రమ్ములను ఒక పెట్టె ట్రైలర్‌లోకి ఎక్కించి, ఇంటిల్లిపాదీ తిరిగే కారుకే తగిలించుకుని, కొండ అవతలి దుకాణాలకు చేరవేసేది ఆమె భర్త. నిన్న మధ్యాహ్నం అతను అటవీ శాఖ చెక్‌పోస్టు దాటి కొండ ఎక్కుతుండగా ట్రైలర్ ఊడింది. వెనక్కి దొర్లి, దాటొచ్చిన గేటునే గుద్దింది. గేటు దించుతున్న కాపలాదారుకు తల పగిలింది. ఇంకా స్పృహ లేదు. తెలిసి తెలిసీ సరిగా తగిలించకుండా బండి నడిపాడని రసాలక్క భర్తను లోపల వేశారు. రేపు పొద్దున కోర్టు.

“సరిగ్గానే తగిలించానన్న మీ ఆయన మాట నమ్ముతున్నావా, అమ్మా?” అని అడిగాడు నిదానం.

“మా ఆయన అబద్ధం ఆడడు. ఆడినా నాకు దొరికిపోతాడు. ఈసారి మాత్రం...” రసాలక్క కొంగు చివర వేలికి చుట్టుకుంది. “ఈసారి ఏదో దాస్తున్నాడు. అదేమిటో నాక్కూడా చెప్పట్లేదు.”

ఆమెను వరండా బల్ల మీద కూర్చోబెట్టి నిదానం లోపలికి వెళ్ళాడు.

కటకటాల వెనక రసాలక్క భర్త, నిన్నటి డ్రైవరు, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రాత్రంతా నిద్ర లేదని మొహమే చెబుతోంది.

“తమ్ముడూ, నిన్న పొద్దున బండి ఎలా తగిలించావో చెప్పు. నాకు కార్లంటే కూర్చోవడమే తెలుసు. బొత్తిగా తెలియనివాడికి చెప్పినట్టు చెప్పు.”

డ్రైవరు మొహంలో కొంచెం వెలుగొచ్చింది. తెలిసిన పని గురించి అడిగితే మనిషికి ప్రాణం లేచొస్తుంది.

“కారు వెనక ఇనప బంతి ఉంటుంది కదండీ. ట్రైలర్ ముక్కుకి గిన్నె బోర్లించినట్టు ఒక టోపీ ఉంటుంది. ఆ టోపీని బంతి మీదకి దించాలి. సరిగ్గా కూర్చుంటే టక్‌మని ఒక శబ్దం వస్తుంది. ఆ శబ్దం విన్నాకే లాచ్ మూయాలి, పిన్ను పెట్టాలి.”

“శబ్దం రాకపోయినా లాచ్ మూసుకుంటుందా?”

“అదే కదండీ చిక్కు! మూసుకుంటుంది. బంతి లోపలికి పోకుండా, టోపీ ఊరికే దాని నెత్తిన కూర్చున్నా సరే, లాచ్ పడిపోతుంది. చూసేవాడికి అంతా బాగానే ఉంటుంది. అందుకే నేను చెవిని నమ్మను. ట్రైలర్ ముక్కు కింద చిన్న చక్రం ఉంటుంది, దాని హ్యాండిల్ తిప్పి ముక్కుని పైకి లేపుతాను. ముక్కుతో పాటు కారు వెనకభాగం కూడా లేస్తే బంతి లోపల ఉన్నట్టే. నిన్న కూడా లేపాను. కారు లేచింది.”

“గొలుసులు?”

డ్రైవరు రెండు ముంజేతులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి చూపించాడు. “ఇలాగ. ఎడమ గొలుసు కుడి పక్కకి, కుడిది ఎడమ పక్కకి. పొరపాటున టోపీ ఊడినా ముక్కు నేలకి కొట్టుకోకుండా ఉయ్యాల్లో పడ్డట్టు వీటి మీద పడుతుంది. మా ఆవిడ రోజూ చూసి మరీ గేటు తీస్తుంది. నిన్నా చూసింది.”

“సరుకు?”

“డ్రమ్ములన్నీ ట్రైలర్ చక్రాలకి ముందువైపు. బెల్టులేసి కట్టేశాను. సీసాల పెట్టెలు వెనక, అవి తేలిక. బరువు వెనకుంటే ట్రైలర్ తోక ఊపుతుందండీ, కుక్కపిల్లలాగ. ఒకసారి ఊపడం మొదలెడితే కారుని కూడా ఆడిస్తుంది. ముక్కు మీద కొంచెం బరువు ఉంటేనే అది బుద్ధిగా వెనక వస్తుంది. మా ట్రైలర్ నిండా ఎక్కిస్తే ముక్కు ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి.”

“ఇంత బుద్ధిగా వచ్చేది నిన్న మాత్రం ఎందుకు ఊపింది?”

“అదే నాకు అర్థం కాలేదు. కొండ దగ్గరికి వచ్చేవరకు... అంటే మధ్యలో...” డ్రైవరు ఆగిపోయాడు.

నిదానం తొందరపెట్టలేదు. జేబులోంచి సగం నీళ్ళున్న చిన్న గాజు సీసా తీసి ఒక గుక్క తాగి, మూత పెట్టాడు.

“మధ్యలో ఎక్కడ ఆగావు?”

“ఎక్కడా ఆగలేదు.”

“పొద్దున బయల్దేరినవాడివి. కొండ దగ్గరికి గంటన్నర దారి. గేటు దగ్గరికి వచ్చింది భోజనాల వేళ దాటాక. మధ్యలో ట్రైలర్ని నువ్వు లాగావా, నిన్ను అది లాగిందా?”

డ్రైవరు తలొంచుకున్నాడు.

“మా ఆవిడకి చెప్పనంటే చెబుతాను.”

“అవసరం వచ్చేదాకా చెప్పను. అవసరం వస్తే ముందు నీకు చెప్పి, తర్వాత ఆమెకి చెబుతాను.”

“ఊరు దాటాక కొండ దారిలో ఉన్న కంటి ఆస్పత్రిలో ఉన్నాను.” డ్రైవరు గొంతు బాగా తగ్గించాడు. “కంట్లో ఏదో పోటు ఎక్కువైందట. మూడు నెలలుగా చూపించుకుంటున్నాను. నిన్న చుక్కలు వేసి పరీక్ష చేశారు. చుక్కలేస్తే దగ్గరివన్నీ మసకబారతాయి. దూరం బాగానే కనబడుతుంది. హాల్లో చాలాసేపు కూర్చున్నాను. ఇంక ఆలస్యమైతే దుకాణాలు మూసేస్తారని బయల్దేరాను.”

“ఇంట్లో ఎందుకు చెప్పలేదు?”

“చెబితే స్టీరింగ్ లాగేసుకుంటుంది. కర్మాగారం ఆవిడది. పాకం రహస్యం ఆవిడది. ఇల్లు కూడా వాళ్ళ నాన్నది. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ స్టీరింగ్ ఒక్కటే అన్నగారూ.”

నిదానం సీసా జేబులో పెట్టుకున్నాడు. మంచివాళ్ళు కూడా ఎందుకింత చిన్నవాటిని ఇంత గట్టిగా పట్టుకుంటారు? దేవుడు అందరికీ చేతులిచ్చాడు, వదిలెయ్యడం మాత్రం కొందరికే నేర్పాడేమో.

“ఆస్పత్రి నుంచి బయటికి వచ్చాక ట్రైలర్ చూసుకున్నావా?”

“చేత్తో తడిమి చూశాను. లాచ్ మూసి ఉంది. పిన్ను ఉంది. గొలుసులు తగిలించే ఉన్నాయి.”

“అడ్డంగా ఉన్నాయా, తిన్నగా ఉన్నాయా?”

డ్రైవరు తన అరచేతులు చూసుకున్నాడు. చేతికి కొక్కెం తెలుస్తుంది. అది ఏ పక్కన ఉందో కళ్ళకే తెలుస్తుంది.

“చూడలేదండీ. కారు కదలగానే వెనక తేలిగ్గా అనిపించింది, గాలి మీద పోతున్నట్టు. చుక్కల వల్ల నాకే అలా ఉందేమో అనుకున్నాను. కొండ మలుపులో తోక ఊపింది. బ్రేకు మీద కాలు పెట్టలేదు, యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నాను. సర్దుకుంది. ఆ పైన స్పీడ్ బ్రేకర్ దగ్గర... ఎగిరింది.” అతను మొహం మీద చేతులు కప్పుకున్నాడు. “గేటాయన నాకు ప్రతివారం నవ్వుతూ గేటు తీసేవాడు. ట్రైలర్ తలుపు కూడా తీయమనేవాడు కాదు. అతనికేమన్నా అయితే, నా కళ్ళు పోయినా ఉన్నా ఒకటే.”

స్టేషన్ వెనక దొడ్లో ట్రైలర్ ముక్కు చక్రం మీద నిలబెట్టి ఉంది. హెడ్ కానిస్టేబుల్ దాని పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు.

“చూస్కోండి నిదానంగారూ, చూస్కోండి. అయితే సాయంత్రం లోపల అవగొట్టాలి. బీమా కంపెనీవాళ్ళు దీన్ని వాళ్ళ గ్యారేజీకి తీసుకుపోతామని పట్టుబడుతున్నారు. కారు ఇంకా కొండ మీదే ఉంది.”

“కారు బంతి చూశారా?”

“చూశాను. నిగనిగలాడుతోంది. గ్రీజు పూసి, పైన పాత టెన్నిస్ బంతి కోసి టోపీలాగ తొడుగుతాడట. ఆ బంతి కారులోనే ఉంది. పెళ్ళికూతుర్ని చూసుకున్నట్టు చూసుకున్నాడు, ఏం లాభం?”

నిదానం కళ్ళు మూసుకుని మంత్రం అనుకున్నాడు. తర్వాత ట్రైలర్ ముక్కు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

లాచ్ మూసే ఉంది. పిన్ను పెట్టే ఉంది. టోపీ అంచు ఎక్కడా వంగలేదు, చీలలేదు. బంతి లోపల ఉండి ఊడితే ఆ అంచు చీరుకుపోవాలి. అంటే బంతి లోపల లేనే లేదు. టోపీ దాని నెత్తిన కూర్చుని ప్రయాణం చేసింది.

మరి ఇంటి నుంచి ఆస్పత్రి దాకా అలా వచ్చి ఉంటుందా? రసాలక్క వీధి చివరే ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. ఊరు దాటేలోపు ఇంకా చాలా ఉన్నాయి. మొదటిదాని దగ్గరే ఊడిపోవాలి. ఊడలేదంటే పొద్దున బంతి లోపలే ఉంది. మధ్యలో ఎవరో విప్పి, మళ్ళీ తగిలించారు. ఆ మళ్ళీ తగిలించినవాడికి టక్‌మనే శబ్దం కోసం ఆగే ఓపిక లేదు.

వేలితో టోపీ లోపల తడిమాడు. గ్రీజు నల్లగా రావాలి. ఇటుక పొడి కలిసినట్టు ఎర్రగా వచ్చింది. తుప్పు. నిగనిగలాడే బంతికి తుప్పెక్కడిది? ఈ టోపీ ఇంకేదో బంతి మీద కూర్చుని వచ్చింది.

తెగిన గొలుసు ముక్కలు ఇంకా వేలాడుతున్నాయి. ముక్కు కింది భాగం రోడ్డుకి ఒరుసుకుని తెల్లగా మెరుస్తోంది. గొలుసులు అడ్డంగా ఉండి ఉంటే ముక్కు నేలను తాకేది కాదు, అవి తెగేవీ కావు.

“హెడ్డుగారూ, దీని ముక్కు ఎత్తాలంటే ఎంతమంది కావాలి?”

“మీరు, నేను, ఇంకో కానిస్టేబులు.”

నిదానానికి నడుం నొప్పి పాత చుట్టం. అందుకని మెల్లగా, భయం భయంగా ముక్కు పట్టుకుని పైకి లాగాడు. పెళ్ళిపీట ఎత్తినట్టు లేచింది. హెడ్ కానిస్టేబుల్ పేపరు మడిచాడు.

“డ్రమ్ములు జారి వెనక్కి పోయుంటాయి,” అన్నాడు.

తలుపు తెరిచి చూశారు. డ్రమ్ములు బెల్టులతో సహా ముందువైపే ఉన్నాయి, ఒక్కటీ కదల్లేదు. వెనక ఉన్నవి తేలికపాటి సీసాల పెట్టెలు, అందులోనూ సగం పగిలినవి. బరువంతా ముందుంది. ముక్కు మాత్రం తేలిగ్గా ఉంది. ఇదెక్కడి లెక్క?

నిదానం నడుం వంచి లోపలికెక్కాడు. ఒక డ్రమ్ము కింద కుళాయికి ఎవరిదో బూటు తగిలిన మచ్చ ఉంది. అక్కణ్ణుంచి ఎర్రటి పాకం కారి నేల మీద గట్టిపడింది. గోడ పొడుగునా దాని అంచు గీతగా నిలిచింది. ఒకటి కాదు, రెండు గీతలు. ఒకటి నేలకు సమానంగా ఉంది. రెండోది ముందు సున్నా నుంచి మొదలై వెనక్కి పోయేకొద్దీ పైకి లేచి, తలుపు దగ్గర నాలుగు వేళ్ళ ఎత్తుకు చేరింది. ఈ ఏటవాలు గీత వెంట చీమలు బారులుగా అతుక్కుని చచ్చిపోయి ఉన్నాయి.

జేబులో సీసా తీసి గోడకు ఆనించాడు. సీసాలో నీళ్ళు సమానమైన గీతతో కలిశాయి. ఏటవాలు గీతతో కలవలేదు. ఒకే పాకానికి రెండు మట్టాలు!

“చీమల జనాభా లెక్కలు మీకు అప్పగించారా నిదానంగారూ?”

తలుపు దగ్గర టై బాబు నిలబడి ఉన్నాడు. బీమా కంపెనీ తరఫున ప్రమాదాలు పరిశీలించే మనిషి. మండు వేసవిలో కూడా మెడలో టై తీయడు. ప్రతి ఏడూ రసాలక్క ట్రైలర్‌ని తనిఖీ చేసేది అతనే. దొడ్డి గేటు దగ్గర అతని ఎత్తు చక్రాల జీపు ముఖం ఇటు పెట్టి ఆగి ఉంది.

“చీమలకి అబద్ధం ఆడటం రాదు బాబూ. అందుకని ముందు వాటినే అడుగుతున్నాను.”

“ఏమన్నాయి?”

“ట్రైలర్ ముక్కు పైకెత్తి, తోక కిందకి పెట్టి చాలాసేపు నిలబడింది అన్నాయి.”

“కొండ ఎక్కితే తోక కిందికే ఉంటుంది. ఇందులో రహస్యం ఏముంది?”

“కదిలే బండిలోకి చీమలు బారు కట్టి రావు. మలుపుల కొండ మీద పాకం కూడా ఇంత శుభ్రమైన గీత గీయదు, అటూ ఇటూ చిమ్ముతుంది. ఇది నిలబడ్డప్పటి గీత.”

“అయితే ముక్కు చక్రం ఎక్కువ తిప్పి నిలబెట్టి ఉంటాడు.”

“కావచ్చు,” అని నిదానం ఒప్పుకున్నాడు. “అది కూడా కనుక్కుంటాను.”

“మీరు కనుక్కునేలోపు నా ఉద్యోగ విరమణ కూడా అయిపోతుంది.” టై బాబు హెడ్ కానిస్టేబుల్ వైపు తిరిగి నవ్వాడు. “కేసు అద్దంలా ఉందండీ. టోపీ సరిగా కూర్చోబెట్టలేదు, గొలుసులు సరిగా వెయ్యలేదు. కంట్లో చుక్కలేసుకుని కొండెక్కేవాడికి కంపెనీ పైసా ఇవ్వదు. ఇన్‌స్పెక్టర్‌గారు సంతకం పెడితే ఇప్పుడే తోలుకుపోతాను.”

అతను చరచరా స్టేషన్లోకి పోయాడు. ట్రైలర్ అప్పగించే కాగితం ఇన్‌స్పెక్టర్‌కి చూపించడానికి హెడ్ కానిస్టేబుల్ కూడా వెంట వెళ్ళాడు.

నిదానం ట్రైలర్లోనే నిలబడిపోయాడు.

కంట్లో చుక్కలు. ఆ మాట డ్రైవరు పోలీసులకు చెప్పలేదు. కట్టుకున్న పెళ్ళానికే చెప్పలేదు. కటకటాల దగ్గర తన చెవిలో వేసిన మాట, ఇంకా తన చెవి దాటనే లేదు. ఆస్పత్రి గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి పోయినవాడు తొందరగా రాడని తెలిసినవాడికే ఆ సంగతి తెలియాలి.

తొందరపడి పరుగెత్తే స్వభావం నిదానానికి లేదు. ఇంకో పది అడుగులు వేస్తే స్టేషన్ తలుపు. కానీ ముక్కు తేలిక సంగతి తేలనిదే ఆయన కాలు కదల్లేదు. ఈ గుణం వల్లే పెళ్ళి ముహూర్తానికి కూడా ఆలస్యమయ్యాడని భార్య ఇప్పటికీ అంటుంది.

కనబడే బరువంతా ముందుంది. కాబట్టి కనబడని బరువు వెనకుంది. వెనక ఎక్కడుంది? సీసాల పెట్టెలు పక్కకి జరిపి నేల చెక్కల మీద చెయ్యి పెట్టాడు. ముందు చెక్కల మేకులు పాకం పట్టి నల్లబడ్డాయి. తలుపు పక్కనున్న చెక్కలకు మేకులు లేవు. కొత్త స్క్రూలు, తళతళలాడుతూ. తన ముక్కు ఆ చెక్కలకు ఆనించి వాసన చూశాడు. పాకం తీపి వాసన కింద ఇంకో వాసన తగిలింది. చల్లటిది, ఖరీదైనది. చందనం.

అటవీ శాఖ గేటు. ప్రతివారం తలుపు తీయకుండానే వదిలేసే ట్రైలర్. అందరికీ నమ్మకమైన డ్రైవరు. నలుగురూ తిరిగే వీధిలో ట్రైలర్ చెక్కలు ఊడదీస్తే ఎవరైనా ఆగి చూస్తారు. దర్జాగా ఇంకో బండికి తగిలించుకుని లాక్కుపోతే ఎవరూ తల తిప్పరు. ఏదో మారుమూల పెట్టవలసింది పెట్టి, తెచ్చి మళ్ళీ కారుకే తగిలించారు. గేటు దాటాక ఏ దుకాణం దగ్గరో తీసుకుందామనుకున్నారు. ఈ చందనం దొంగలకి చెట్లు కొట్టడం వచ్చు, దాచడం వచ్చు. తోకలో బరువు పెట్టకూడదన్న సంగతి మాత్రం తెలియదు.

బయట జీపు వెనక్కి వస్తున్న చప్పుడైంది.

ట్రైలర్ ముందు గోడకు గాలి కోసం పెట్టిన చిన్న జాలీ ఉంది. నిదానం అందులోంచి చూశాడు. ఎత్తు చక్రాల జీపు వీపు చూపిస్తూ దగ్గరికొచ్చింది. దాని వెనక ఇనప బంతి, తుప్పు పట్టి ఎర్రగా.

సంతకమైన కాగితం జేబులో పెట్టుకుంటూ టై బాబు ఒక్కడే దిగాడు. ముక్కు చక్రం గబగబా తిప్పాడు. ట్రైలర్ ముక్కు లేచింది, నిదానం కాళ్ళ కింద నేల వెనక్కి వాలింది. టోపీని బంతి మీదకి దించాడు, లాచ్ మూశాడు, పిన్ను గుచ్చాడు. తన గొలుసులు రెండూ తీసి, కుడిది కుడి పక్కకి, ఎడమది ఎడమ పక్కకి, తిన్నగా తగిలించాడు.

నిదానం సీసా మళ్ళీ గోడకు ఆనించాడు. నీళ్ళు నెమ్మదిగా పక్కకి ఒరిగి ఆగాయి. చచ్చిన చీమల బారు వెంట, ఏటవాలు గీత మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిచాయి.

“స్వామీ,” అన్నాడు నిదానం. మిగతా మంత్రం గుర్తు రాలేదు.

తలుపు దగ్గర నీడ పడింది. టై బాబు కొత్త స్క్రూల వైపు, జరిపిన పెట్టెల వైపు, నిదానం చేతిలోని సీసా వైపు చూశాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళలో మాత్రం లేదు.

“ఇంకా దిగలేదా? మీ నిదానమే మీ కొంప ముంచింది పెద్దాయనా.”

“బాబూ, ఆగు. ఒక్క మాట విను. నువ్వు టోపీ...”

తలుపు మూసుకుంది. బయట గడియ పడింది. నిదానం రెండు చేతులా తలుపు బాదాడు. జీపు ఇంజను గర్జనలో ఆ చప్పుడు కలిసిపోయింది.

ఆయన చెప్పబోయిన మాట బెదిరింపు కాదు, బతిమాలడమూ కాదు. టోపీ దించినప్పుడు ఆయన చెవులు రిక్కించి విన్నాడు. టక్‌మన్న శబ్దం రాలేదు. ముక్కు చక్రం తిప్పి జీపు లేస్తుందో లేదో టై బాబు చూడలేదు. నిన్న చేసిన తప్పే, అంతే తొందరతో, ఇవాళ మళ్ళీ చేశాడు. నిన్న ఆ తప్పు ఇంకొకడి నెత్తిన పడింది కాబట్టి అది తప్పని అతనికి తెలియనే లేదు.

దొడ్డి గేటు దాటుతుండగా నిదానం జాలీకి మొహం ఆనించి, పాకంతో ఎర్రబడ్డ జేబురుమాలు సందులోంచి బయటికి తోశాడు. వరండాలో రసాలక్క బల్ల మీంచి లేచింది. తన ట్రైలర్ వేరే బండి వెనక పోతుంటే ముందు ఆమె కళ్ళు రోజూ పోయే చోటికే పోయాయి, గొలుసుల దగ్గరికి. రెండు ముంజేతులూ పైకెత్తి అడ్డంగా పెట్టింది. నోరు పెద్దగా తెరిచి ఏదో అరిచింది. రుమాలు చూసిందో లేదో తెలియలేదు. మలుపు అడ్డొచ్చింది.

ఆ మలుపు తర్వాత దారి కొండ మీదికే. కొండ మొదట్లో విరిగిన గేటు ఉంది. గేటు దాటి కొంచెం పైకెళ్తే స్పీడ్ బ్రేకర్ ఉంది. అక్కడ ఇది ఊడి లోయలో పడితే ఆధారం, అది చూసినవాడు, రెండూ ఒకేసారి పోతాయి. రేపు కోర్టులో మిగిలేది కంట్లో చుక్కలు వేసుకుని బండి నడిపిన డ్రైవరు ఒక్కడే. సరిగా లేని ట్రైలర్ ఈసారి ఏకంగా ప్రాణమే తీసిందని ఆ పాపం కూడా అతని ఖాతాలోకే పోతుంది.

నిదానం జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి మొదటి స్క్రూ గాడిలో పెట్టి తిప్పాడు. జీవితంలో మొదటిసారి తొందరపడ్డాడు. బిళ్ళ జారింది, వేలు కోసుకుంది, మళ్ళీ పెట్టాడు. రెండు చెక్కలు ఊడాయి. గోనెగుడ్డలో చుట్టిన దుంగలు, పసిపిల్లల్లా పక్కపక్కన పడుకుని ఉన్నాయి. చందనం వాసన గుప్పుమంది.

దొంగ దొరికాడు. సాక్ష్యం దొరికింది. ఏం చేసుకోవాలి, బతికుంటే కదా!

ట్రైలర్ తోక ఎడమకి ఊగింది. ఆగింది. ఈసారి కుడికి, ఇంకొంచెం ఎక్కువగా.

బంతిని లోపలికి పంపడం ఆయన చేతిలో లేదు. ముక్కు లేవకుండా, టోపీ ఎగరకుండా బరువు ముందుకి జరపడం ఉంది. “దొంగ సంగతి తర్వాత. ముందు బరువు సర్దాలి,” అనుకుంటూ నిదానం మొదటి దుంగను ఒళ్ళోకి ఎత్తుకున్నాడు. ఊగే నేల మీద మోకాళ్ళతో పాక్కుంటూ, ముందు గోడ వైపు కదిలాడు.

ఇంకా తొమ్మిది దుంగలున్నాయి. జాలీలోంచి విరిగిన గేటు కనబడుతోంది.